మన కాళ్ల కింది భూమి, మన నెత్తి మీది చుక్కలు

(సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా మొదట నంద్యాలలో, తరువాత ఆళ్లగడ్డలో మన యువతీ యువకులతో చేసిన ప్రసంగ పాఠం. రెండు చోట్లా పిల్లలు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా ఇందులో కలిసి ఉన్నాయి.)



నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పుకునే మనిషిని. పెద్ద పండితుణ్ణి కాదు. "పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అని సంఘం పెద్దలు అడిగారు. ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ల గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుకని నేను మీకు భూమి గురించి చెబుతాను. మనం నిలబడ్డ ఈ నేల కింద ఏముంది, ఈ భూమి ఆకాశంలో ఎక్కడుంది, ఈ రెండు విషయాల్లో మనిషి ఎన్నిసార్లు తన అభిప్రాయం మార్చుకున్నాడు అన్నదే ఈ రోజు నా మాట. ఇది మన తాండా బతుకులకు ఎట్లా సంబంధమో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక తేదీ చెబుతాను. సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర గొల్లలదొడ్డిలో పుట్టారని మనం ఈ పండుగ చేసుకుంటున్నాం. అదే ఫిబ్రవరి 15న, 1564లో, ఇటలీలో గెలీలియో పుట్టాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు శిక్ష పడిన మనిషి ఆయన. ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, తేదీ కలవడం యాదృచ్ఛికమే. కానీ ఏటా జయంతి రోజు సేవాభాయాకు దండం పెట్టుకున్నాక నాకు ఆయన కూడా గుర్తుకొస్తాడు.

ఇంకో తేదీ కూడా ఉంది. జయంతికి మరుసటి రోజు, 1980 ఫిబ్రవరి 16. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. కర్ణాటక మీదుగా వచ్చి, రాయచూరు దాటి, తెలంగాణ మీదుగా ఆ నీడ పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు బిగించుకుని కూర్చున్నారు. మన నంద్యాల వైపు పూర్తిగా చీకటి పడలేదు గానీ సూర్యుడు చాలా భాగం మరుగైపోయాడు.

అప్పుడు నేను ఐదో తరగతి. నల్లమల వారన మా తాండా. మా యాడి నిండు నెలలతో ఉంది. గ్రహణం పట్టక ముందే ఆమెను గుడిసెలోకి పంపి, తలుపుకు గోనెపట్టా కట్టేశారు. పొద్దున్నుంచి ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు. తోడుగా నన్ను కూర్చోబెట్టారు. "బయటికి తొంగి చూసినావంటే కళ్లు పోతాయి, లోపల బిడ్డకు మొర్రి వస్తుంది" అని మా అవ్వ భయం చెప్పింది. బయట కాకులు గూళ్లకు పోతున్న చప్పుడు వినిపిస్తా ఉంది. మధ్యాహ్నం దాటి పొద్దు వాలక ముందే వెలుగు మసకబారింది.

మా గుడిసె బోద కప్పు పాతబడిపోయి సందులు పడింది. ఎండ పూట ఆ సందుల్లోంచి లోపల నేల మీద, గోడ మీద గుండ్రటి వెలుగు బిళ్లలు పడేవి. రోజూ చూసేవే. ఆ రోజు చూస్తే ఒక్కటీ గుండ్రంగా లేదు. అన్నీ నెలవంకలు. పదులకొద్దీ చిన్న చిన్న నెలవంకలు నేల మీద, గోడ మీద, మా యాడి ఫేటియా మీద. నేను భయపడి ఆమెకు చూపించాను. ఆమె కాసేపు చూసి, తన ఒడిలో పడ్డ ఒక నెలవంకను అరచేతిలోకి పట్టుకుంది. ఏమీ అనలేదు.

ఎందుకట్లా అయిందో నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు రంధ్రం ఆకారాన్ని చూపించదు, సూర్యుడి బొమ్మను చూపిస్తుంది. రోజూ మా గుడిసెలో పడే గుండ్రటి బిళ్లలన్నీ సూర్యుడి బొమ్మలే. గ్రహణం చూడగూడదని మమ్మల్ని లోపల కట్టేస్తే, గ్రహణమే కప్పు సందుల్లోంచి లోపలికొచ్చి మా యాడి చేతిలో కూర్చుంది. ఆ కడుపులో ఉన్న బిడ్డ మా చెల్లెలు. మొర్రీ రాలేదు, మరో జబ్బూ రాలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.

మా అవ్వ మాటలో కొంత నిజం కూడా ఉంది. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పాడవుతాయి. అది గ్రహణం రోజే కాదు, ఏ రోజైనా అంతే. మిగిలింది భయం. ఏది నిజమో ఏది భయమో విడదీసి చూడటం నేర్చుకోవాలని నాకు ఆ రోజు నుంచే మొదలైంది.

ఇప్పుడు ఆకాశం సంగతి చూద్దాం.

మన పూర్వులు లదేణీలు నడిపారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని రాజ్యాలు దాటి నడిచారు. రాత్రి పూట నడిచేవాళ్లకు గడియారం ఎక్కడిది? వేగుచుక్క పొడిస్తే తెల్లవారబోతుందని లెక్క. పిల్లలకోడి చుక్కలు ఎక్కడున్నాయో చూసి కాలం చెప్పే ముసలివాళ్లను నేనూ చూశాను. రోజూ చుక్కలను చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? భూమి కదలకుండా ఉంది, ఆకాశమే మన చుట్టూ తిరుగుతోంది అనిపిస్తుంది. ప్రపంచమంతా అట్లాగే అనుకున్నారు. అది తెలివితక్కువతనం కాదు. కంటికి కనిపించేది అదే.

మన దేశంలో ఆర్యభటుడు 499లో, ఇరవై మూడేళ్ల వయసులో రాసిన పుస్తకంలో వేరే మాట చెప్పాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున చెట్లు వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి కదా, చుక్కలు పడమరకు పోతున్నట్టు కనిపించడం కూడా అట్లాంటిదే, తిరిగేది భూమి అన్నాడు. గ్రహణం రాహువు మింగడం వల్ల కాదు, నీడల వల్ల అని కూడా చెప్పాడు. ఆయన తర్వాతి పండితులు చాలామంది భూమి తిరగడాన్ని ఒప్పుకోలేదు. భూమి తిరిగితే ఎగిరిన పక్షి మళ్లీ తన గూటికి ఎట్లా చేరుతుందని వాదించారు.

ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. నంద్యాల సభలో ఒక పాప సరిగ్గా ఇదే అడిగింది. దానికి జవాబు మీరు వచ్చిన బస్సులోనే ఉంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సు కుదుపు లేకుండా వేగంగా పోతున్నప్పుడు ఒక రూపాయి బిళ్లను పైకి ఎగరేయండి. అది వెనక సీటులో పడదు, మీ చేతిలోనే పడుతుంది. ఎందుకంటే బిళ్ల కూడా బస్సు వేగంతోనే పోతోంది. భూమితో పాటు గాలీ పక్షీ చెట్టూ మనమూ కలిసి తిరుగుతున్నాం. మన నంద్యాల దగ్గర ఆ తిరిగే వేగం గంటకు 1,600 కిలోమీటర్లు.

సూర్యుణ్ణి మధ్యలో పెట్టి, భూమిని ఆయన చుట్టూ తిప్పుతూ పోలండు దేశపు కోపర్నికస్ 1543లో పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికీ అది లెక్క మాత్రమే. కంటితో చూసిన సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యాల్లో గట్టిది ఏమిటో తెలుసా? మన వేగుచుక్కే. 1610లో గెలీలియో దుర్భిణిని దాని వైపు తిప్పాడు. కొన్ని నెలల పాటు చూస్తే అది చంద్రుడి లాగే నెలవంకగా, సగంగా, నిండుగా మారుతోంది. నెలవంకగా ఉన్నప్పుడు పెద్దగా, నిండుగా ఉన్నప్పుడు చిన్నగా కనిపిస్తోంది. వేగుచుక్క సూర్యుడి చుట్టూ తిరిగితేనే అట్లా కనిపించడం సాధ్యం. మన ముసలివాళ్లు ఎద్దులకు గంతలు కట్టే వేళకు చూసిన ఆ చుక్కే, భూమి అన్నిటికీ మధ్యలో ఉందన్న పాత లెక్కను తప్పని తేల్చింది. 1633లో గెలీలియోను విచారించి, ఇంట్లోనే ఖైదులో పెట్టారు. వేగుచుక్క మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది.

సూర్యుడి చుట్టూ భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పోతుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఉన్నంత దూరం ఒకటిన్నర సెకనులోపే.

తర్వాత సూర్యుడు కూడా మధ్యలో లేడని తేలింది. 1918లో హార్లో షాప్లీ అనే అమెరికా శాస్త్రవేత్త, మన పాలపుంతలో సూర్యుడు ఒక పక్కకు ఉన్నాడని చూపించాడు. ఇప్పటి లెక్క ప్రకారం పాలపుంత నడుమ నుంచి దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. 1920లలో ఎడ్విన్ హబుల్, పాలపుంత లాంటివి ఇంకా ఉన్నాయని నిరూపించాడు. అట్లా మనిషి తాను కూర్చున్న నడిమి పీటను ఒక్కొక్కసారీ వదులుకుంటూ వచ్చాడు. అయితే దాని వల్ల మనం తక్కువైపోయామా? నాకట్లా అనిపించదు. పీట వదిలిన ప్రతిసారీ ఇంకొంచెం దూరం చూడగలిగాం.

ఇక పైనుంచి కిందికి దిగుదాం.

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు మీలో చాలామంది చూసి ఉంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వాటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మనీ గుహాన్వేషకులు వచ్చి కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో అన్నిటికంటే లోతైన చోటుకు మనవాళ్లు పెట్టిన పేరు పాతాళగంగ. అది ఎంత లోతనుకున్నారు? దాదాపు 150 అడుగులు. మన పల్లెల్లో ఒక మామూలు బోరు దానికంటే లోతు పోతుంది.

పాతాళం అంటే మనం ఏడు లోకాలు ఊహించుకున్నాం. తోకచుక్కకు పేరు పడిన హ్యాలీ కూడా 1692లో భూమి లోపల డొల్లగా, ఒకదానిలో ఒకటి చిప్పల్లాగా ఉందన్నాడు. అంత గొప్ప శాస్త్రవేత్త కూడా పొరబడ్డాడు. ఎందుకంటే లోపలికి పోయి చూసినవాళ్లు లేరు. ఇప్పటికీ లేరు. సోవియట్ దేశంవాళ్లు కోలా అనే చోట ఏళ్ల తరబడి తవ్వి 12,262 మీటర్ల లోతుకు బోరు దింపారు. భూమి నడిబొడ్డు 6,371 కిలోమీటర్ల కింద ఉంది. అంటే ఆ బోరు ఐదు వందల వంతుల్లో ఒక్క వంతు కూడా పోలేదు.

లోపల ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి ఒక బనగానపల్లె మామిడిపండు తీసుకోండి. తొక్క, గుజ్జు, టెంక, టెంక లోపల జీడి. భూమి కూడా ఇట్లాగే నాలుగు భాగాలు. పైన మనం ఉండే పటలం తొక్క. మన ప్రాంతంలో దాని మందం 35 నుంచి 40 కిలోమీటర్లు. పండుతో పోలిస్తే నిజం తొక్క కన్నా పలుచన. దాని కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది ప్రావారం, అది గుజ్జు. అది ద్రవం కాదు, రాయే. కానీ కోట్ల ఏళ్లలో మెల్లగా జరిగే రాయి. దాని కింద కేంద్రకం. బయటి కేంద్రకం కరిగిన ఇనుము, నికెల్. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పేది అక్కడి కదలికే. నట్టనడుమ జీడిలాగా 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధంతో గట్టి ఇనుప ముద్ద. అక్కడి వేడి 5,000 డిగ్రీలకు పైమాటే. ఒక్క తేడా, మామిడిలో టెంక చిన్నది. భూమిలో కేంద్రకం సగానికి పైగా దూరం ఆక్రమించి ఉంటుంది.

ఎవరూ పోలేదు కదా, మరి ఎట్లా తెలిసింది అని మీరు అడగాలి. ఆళ్లగడ్డలో ఒక పిల్లవాడు అడిగాడు కూడా. ఆ ఊళ్లోనే జవాబు ఉంది. అక్కడి శిల్పుల దగ్గరికి పోయి చూడండి. విగ్రహానికి రాయి ఎంచుకునేటప్పుడు సుత్తితో తట్టి చెవి పెడతారు. గంటలాగా ఖంగుమంటే ఒక రకం, బొదబొదమంటే ఇంకో రకం. లోపల పగులు ఉంటే శబ్దమే చెప్పేస్తుంది. రాయిని పగలగొట్టకుండానే రాయి లోపలి సంగతి తెలుసుకోవడం అది.

శాస్త్రవేత్తలు భూమిని అట్లాగే విన్నారు. తట్టే సుత్తి మాత్రం భూకంపం. 1897 జూన్ 12న అస్సాంలో పెద్ద భూకంపం వచ్చింది. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ దాన్ని పరిశీలించాడు. భూకంపపు అలలు రకరకాలుగా ఉంటాయని, వేరు వేరు వేగాలతో పోతాయని గుర్తించాడు. 1906లో, భూమి లోపల వేరే పదార్థంతో ఒక కేంద్రకం ఉందని ఆ అలలు వచ్చిన తీరును బట్టి చూపించాడు. 1936లో డెన్మార్క్‌కు చెందిన ఇంగె లేమన్ అనే మహిళ, ఆ కేంద్రకం లోపల ఇంకో గట్టి ముద్ద ఉందని కనుక్కుంది. చెల్లెళ్లూ, ఆ పేరు గుర్తుపెట్టుకోండి. కాగితం మీద సన్న గీతలు చదివి ఆమె భూమి నడిబొడ్డు దాకా చూసింది.

ఇదంతా దూరదేశాల కథ అనుకోవద్దు. 1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవాళ్లు, నెల్లూరు వైపు కావలి నుంచి కర్ణాటకలో ఉడిపి దాకా 600 కిలోమీటర్ల గీత మీద ఇదే పని చేశారు. బోరు గుంతల్లో మందుగుండు పేల్చి, లోపలి నుంచి తిరిగొచ్చిన కంపనాలను నమోదు చేశారు. ఆ గీత కడప బేసిన్‌ను అడ్డంగా దాటి పోతుంది. మన ప్రాంతపు తొక్క ఎంత మందమో ఇందాక చెప్పాను కదా, అట్లాంటి కొలతలు వచ్చింది ఇట్లాంటి పని వల్లనే.

ఇప్పుడు తొక్క పైపైన మనకు కనిపించే పొరలు చూద్దాం. ఇక్కడే మీకు ఒక ఆశ్చర్యం ఉంది.

ప్రపంచంలో ఏ దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుడైనా మన జిల్లా రాళ్ల గురించి చదివితే, కింది నుంచి పైకి ఈ పేర్లు చదవాలి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. అన్నీ మన చుట్టుపక్కల ఊళ్లే. విలియం కింగ్ అనే సర్వే అధికారి ఈ కొండలూ వంకలూ తిరిగి, 1872లో అచ్చయిన నివేదికలో ఆ పొరలకు ఆయా ఊళ్ల పేర్లు పెట్టాడు. నంద్యాల షేల్ అంటే పలకలు పలకలుగా విడిపోయే పొరల రాయి. ఇవన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద, సున్నం. చెట్టూ చేపా పుట్టక ముందటి కాలం అది. కడప బేసిన్‌లో ఇంకా పాత పొరల వయసు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. మొత్తం భూమి వయసు 454 కోట్లు.

బేతంచెర్ల వైపు నాపరాయి గనుల్లో పనికి పోయే మనవాళ్లు ఎంతమంది లేరు! ఆ రాయి గుణపం పెడితే పలకలాగా ఎందుకు లేస్తుంది? పొర మీద పొరగా పేరుకుంది, తర్వాత పెద్దగా నలగలేదు. అదే నల్లమల వైపు చూడండి. అక్కడి పొరలు తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి చాపలాగా ముడతలు పడ్డాయి. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, కొండచరియల్లో పొరలు వంగి ఏటవాలుగా ఉండటం మామూలు కంటికే కనిపిస్తుంది. మనం రాయి మోసి కూలి తెచ్చుకున్నాం. కానీ ఆ రాయి ఒక పుస్తకమని మనకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో పేజీ జ్వాలాపురంలో ఉంది. బనగానపల్లె మండలంలో, జుర్రేరు వాగు ఒడ్డున. అక్కడ తెల్లటి బూడిద లాంటి మట్టిని తవ్వి అమ్మేవారు. పరిశోధకులు వచ్చి చూస్తే అది నిజంగానే బూడిద. దాదాపు 74,000 సంవత్సరాల కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చి ఇక్కడ పడింది. వాన నీళ్లు ఆ బూడిదను పల్లానికి చేర్చడం వల్ల కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందం ఉంది. ఆ బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంటే ఆ ఉత్పాతానికి ముందు ఇక్కడ మనుషులున్నారు, తర్వాతా ఉన్నారు. ఆ ఫలితాలు 2007లో ప్రపంచమంతా చదివే 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం వెతకడం మీకు తెలుసు. వజ్రం పుట్టేది 150 కిలోమీటర్ల కంటే లోతులో. వజ్రకరూరు దగ్గర ఉన్నట్టి కింబర్లైట్ గొట్టాల గుండా ఎప్పుడో పైకి తన్నుకొచ్చింది. కోలా బోరు అందుకోలేని లోతు నుంచి వచ్చిన రాయి, మన ఆడవాళ్లు ఒంగి వెతికే దుక్కిలో దొరుకుతుంది.

ఇక ఖండాలు కదులుతాయన్న మాట. 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెబితే చాలామంది నవ్వారు. సముద్రం అడుగున సాక్ష్యాలు దొరికి, 1960లలో ఒప్పుకున్నారు. అప్పటికి ఆయన చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది. మన దేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా కలిసి ఉన్న ఆ పాత మహాఖండం పేరేమిటో తెలుసా? గోండ్వానా. మన సోదర ఆదివాసులు గోండుల నేల పేరది. మధ్య భారతంలో రాళ్లు చూసిన సర్వే వాళ్లు 1870లలో ఆ రాళ్లకు ఆ పేరు పెట్టారు, తర్వాత అది మహాఖండానికే పేరైంది. ఏ దేశపు పాఠ్యపుస్తకం తెరిచినా ఒక ఆదివాసీ జాతి పేరు ఉంటుంది.

ఇంత చెప్పి, నా సొంత సంగతి ఒకటి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు.

మా బాపుకు రెండున్నర ఎకరాల చేను ఉండేది. పైన నల్లరేగడి, కింద పొరల రాయి. వరసగా రెండేళ్లు వానలు తప్పితే బోరు వేయాలనుకున్నాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఒక మనిషిని పిలిపించాడు. టెంకాయ నిటారుగా లేచిన చోట ముగ్గు పోశారు. మొదటి బోరులో దుమ్ము లేచింది. రెండో బోరులో బిందె నిండేంత. అప్పు చేసి మూడోది వేశాడు. రాత్రంతా బండి మోగుతా ఉంటే మేమంతా చుట్టూ కూర్చున్నాం. తెల్లవారు జామున బండివాళ్లు గొట్టాలు పీకేసుకున్నారు. ఆ అప్పు కింద ఎకరన్నర అమ్మేశాడు. మిర్చి కోతలకు గుంటూరు వైపు వలస పోవడం మా ఇంట్లో ఆ ఏడే మొదలైంది.

చాలా ఏళ్ల తర్వాత, డిగ్రీలో ఉన్నప్పుడు మన జిల్లా భూగర్భ పటం మొదటిసారి చూశాను. మా చేను ఎక్కడ పడుతుందో వేలు పెట్టి వెతికాను. ఆ పొరల రాయిలో నీళ్లు నిలిచే సందులు తక్కువ. సున్నపురాయిలో అయితే నీళ్లు రాయిని కరిగించి దారులు చేసుకుంటాయి, బెలుం గుహలు పుట్టింది అట్లాగే. అందులో కూడా పగులు తగిలితే నీళ్లుంటాయి, పది బారల అవతల ఏమీ ఉండకపోవచ్చు. ఆ పటం మా బాపు పుట్టక ముందు నుంచీ ఉంది. మా తాండా దాకా రాలేదు, అంతే. ఆయన తప్పు ఏమీ లేదు. చేతనైనంతలో, తెలిసినవాళ్లను అడిగే చేశాడు.

సర్వే చేయిస్తే నీళ్లు తప్పక పడతాయని నేను చెప్పడం లేదు. శాస్త్రం కూడా పొరబడుతుంది. కానీ పొరబడితే ఎందుకో వెతుకుతుంది, రెండోసారి కొంచెం మేలుగా చెబుతుంది. టెంకాయ రెండోసారి కూడా అట్లాగే లేస్తుంది. ఆర్యభటుడి నుంచి లేమన్ దాకా నేను ఇంతసేపు చెప్పిన కథంతా ఈ తేడా గురించే. పొరబాటు పడటం సిగ్గు కాదు. చూశాక కూడా మారకపోవడమే నష్టం. మా ఇంట్లో ఆ నష్టం ఎకరన్నర.

అందుకని మీకు మూడు పనులు చెబుతాను.

ఒకటి, మీ అవ్వ పాత కాంచళిలోనో ఫేటియాలోనో ఊడిన అద్దం బిళ్ల ఒకటి తీసుకోండి. దాని మీద చిటికెన వేలి గోరంత రంధ్రం ఉన్న కాగితం అతికించండి. ఎండలో పట్టి, ముప్పై అడుగుల దూరంలో చీకటి గది గోడ మీదికి వెలుగు కొట్టండి. రంధ్రం ఏ ఆకారంలో ఉన్నా గోడ మీద మూడు అంగుళాలకు పైగా గుండ్రటి బిళ్ల పడుతుంది. అది సూర్యుడి బొమ్మ. గోడ వైపే చూడాలి, అద్దంలోకి గానీ సూర్యుడి వైపు గానీ చూడకూడదు. మళ్లీ గ్రహణం వచ్చిన రోజు తాండాలో గర్భిణులను కూర్చోబెట్టి, వాళ్లకు అన్నం నీళ్లు ఇచ్చి, ఆ గోడ మీద గ్రహణం చూపించండి.

రెండు, మీ ఊళ్లో ఎవరు బోరు వేసినా దగ్గర నిలబడండి. ఎన్ని అడుగులకు మట్టి రంగు మారింది, ఎక్కడ రాయి తగిలింది, ఎక్కడ తడి కనిపించింది, నోటుబుక్కులో రాసుకోండి. పడని బోరును మరీ ముఖ్యంగా రాయండి. పది బోర్ల లెక్క ఉంటే మీ తాండాకు సొంత పటం తయారవుతుంది. పదకొండో బోరు వేసే ముందు ఆ లెక్కతో భూగర్భ జల శాఖ దగ్గరికి పొండి.

మూడు, ఇంటర్ తర్వాత ఏం చదవాలని అడిగేవాళ్లు భూగర్భ శాస్త్రం అనే మాట కూడా గుర్తుపెట్టుకోండి. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట ఒకప్పుడు యానాదుల దీవి. నల్లమల చెంచుల అడవి. గనులు తవ్వే చోట, అణుఖనిజం వెతికే చోట ఎక్కువగా ఉండేది మనలాంటి వాళ్లమే. ఆ నేల కింద ఏముందో చదవగలిగేవాడు మనలో ఒకడుంటే, కాగితాల మీద వేలిముద్ర పెట్టే ముందు వాడు చదివి చెబుతాడు.

తాండా అంటే ఊరి అంచున ఉండేది అని చిన్నప్పుడు మాకు చెప్పేవారు. బడిలో గ్లోబు ముట్టుకున్న రోజు నేను దాని మీద అంచు కోసం వెతికాను. దొరకలేదు.

మా యాడి పోయి ఆరేళ్లయింది. పోయే ముందు ఒకరోజు ఆ గ్రహణం సంగతి నేనే ఎత్తాను. "ఆ రోజు నువ్వు చేత్తో పట్టుకున్నది సూర్యుణ్ణే" అని చెప్పాను. ఆమె నవ్వి, "నాకప్పుడే తెలుసులే, వెచ్చగా ఉండింది" అంది.

రామ్ రామ్. జై సేవాలాల్.